చెస్టర్‌ఫీల్డ్ చర్చి వంకర శిఖరం

చర్చి బొమ్మ గీయమంటే మనమందరం శిఖరాన్ని సూదిలా నిటారుగా గీస్తాం. కానీ ఇంగ్లండులో డెర్బీషైర్ జిల్లాలోని చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలో ఒక చర్చి శిఖరం మెలి తిరిగి, పక్కకు ఒరిగి ఉంటుంది. దాని పేరు సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి. అది 13, 14 శతాబ్దాల్లో కట్టిన పారిష్ చర్చి. పారిష్ చర్చి అంటే ఆ చుట్టుపక్కల జనమంతా ప్రార్థనలకూ పెళ్ళిళ్ళకూ వచ్చే చర్చి.

పైనుంచి చూస్తే ఈ కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది. సిలువ రెండు చేతులూ కలిసే చోట రాతి గోపురం ఉంది. దాని మీద సుమారు 1362లో కర్రతో శిఖరం కట్టి, తర్వాత సీసం రేకులు కప్పారు. నేల నుంచి కొన దాకా 228 అడుగులు. శిఖరం 45 డిగ్రీలు మెలి తిరిగింది. కొన తొమ్మిదిన్నర అడుగులు పక్కకు జరిగింది!

ఎందుకిలా అయిందంటే అక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. ఒక కమ్మరి దెయ్యం కాలికి లాడం కొడుతుంటే మేకు తప్పి కాల్లో దిగిందట. అది నొప్పితో ఎగిరి పోతూ శిఖరాన్ని తన్నిందట!

మా తాత వడ్రంగి. ఫొటో చూపిస్తే ఆయన నవ్వి, "దెయ్యమూ లేదు, ఏమీ లేదు తల్లీ. అది పచ్చి కర్ర. ఆరేటప్పుడు మెలి తిరిగింది. లోపల అడ్డకర్రలు సరిగ్గా బిగించలేదేమో" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. చదివితే నిపుణులు చెప్పేదీ అదే!

అయితే ఒక్క పచ్చి కర్రదే తప్పు కాదు. ఆరిన ఓక్ కర్ర చాలా గట్టిది, కోయడం కష్టం. అందుకే ఆ కాలంలో వడ్రంగులు పచ్చి ఓక్‌తోనే కట్టేవాళ్ళు. ఇక్కడ అడ్డకర్రలు చాలలేదు. పైన సుమారు 33 టన్నుల సీసం బరువు పడింది. ఎండకు దక్షిణం వైపు సీసం ఎక్కువ వేడెక్కి సాగింది.

మరి అనుభవమున్న పనివాళ్ళు ఏమయ్యారు? 1348-49లో ఇంగ్లండులో ప్లేగు వచ్చి జనంలో మూడో వంతుకు పైగా చనిపోయారు. పని తెలిసినవాళ్ళు చాలామంది పోయి ఉంటారని చరిత్రకారులు అనుకుంటున్నారు. ఇది విని తాత నవ్వడం ఆపేశాడు. "పాపం, నేర్పేవాళ్ళు లేకపోయినా కట్టినారే" అన్నాడు.

1961లో చర్చిలో మంటలు లేచినా శిఖరం దక్కింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ముద్దుపేరు కూడా ఆ శిఖరం మీదే వచ్చింది. మొదట ఆ ఫొటో చూసి నేను కూడా నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అంత చావు చూసిన ఊరు మళ్ళీ పనిముట్లు పట్టి, ఆకాశం వైపు కట్టింది. వంకరగానైనా ఆరున్నర శతాబ్దాలుగా నిలబడే ఉంది.