బ్లూస్ సామ్రాజ్ఞి బెస్సీ స్మిత్

అమెరికాదేశమున దాస్యవిముక్తి నందియు దైన్యవిముక్తి నందని నల్లజాతివారు తమ గోడును పాడుకొనిన పాటలకు బ్లూస్ అని పేరు. ఆ గానమునకు సామ్రాజ్ఞి యనిపించుకొనిన బెస్సీ స్మిత్ టెనెస్సీ రాష్ట్రమందలి చట్టనూగా పట్టణమున పేదయింట పుట్టెను. బాల్యముననే తల్లిదండ్రులను గోలుపోయి, సోదరుడు గిటారు వాయించుచుండ వీధులలో పాడి పొట్టపోసికొనెను.

1923లో కొలంబియా కంపెనీవారు విడుదలచేసిన ఆమె తొలి గ్రామఫోను ప్లేటు లక్షలకొలది అమ్ముడుపోయెను. అయినను పాటకింత యని కూలి ముట్టినదే కాని, అమ్మకములలో నామెకు భాగము లేకపోయెను.

మర్యాదస్థులు కొంద రా పాటలను నీచములనిరి. మే మట్లు తలపము. వరదలో ఇల్లు గోల్పోయిన స్త్రీ దుఃఖమును 1927లోను, ధనికుని భోగమునకును పేదవాని యాకలికిని గల యంతరమును 1928లోను వినిపించిన గాత్రము నీచ మెట్లగును?

1937లో మిసిసిపీ రాష్ట్రమున మోటారు ప్రమాదమువలన బెస్సీ మృతినొందెను. ఫిలడెల్ఫియాలో వేలకొలది జనులు ఆమెను కడసారి చూడవచ్చిరి. సమాధిపై మాత్రము 33 సంవత్సరములు పేరు చెక్కిన రాయియైనను లేకుండెను. తుదకు 1970లో దానిని నిలుపుటకు ధనమిచ్చినవారు తెల్లజాతి గాయని జానిస్ జోప్లిన్, చిన్ననాడు బెస్సీ యింట పనిచేసిన జువానిటా గ్రీన్ అను నిరువురు స్త్రీలు.

పాట విని కన్నీరు విడిచినంతనే శ్రోత ఋణము తీరదు. పాడినవారు జీవించియుండగనే వారి కష్టమునకు తగిన ఫలమును, గౌరవమును ముట్టజెప్పవలయునని మా యభిప్రాయము.