అమెరికా నగరాల్లో యువజన వ్యవసాయ కార్యక్రమాలు

నగరంలోని ఖాళీ స్థలాల్లో, ఉద్యానవనాల్లో, పాఠశాల ఆవరణల్లో, ప్రభుత్వ గృహసముదాయాల్లో కూరగాయలు పండిస్తూ, ఆ పనికి అదే పేటలోని కౌమార, యువ వయస్కులను వేతనంపై నియమించి శిక్షణ ఇస్తూ, పండిన పంటను చుట్టుపక్కల పేద కుటుంబాలకు అందుబాటు ధరకు చేర్చే వ్యవస్థీకృత కృషిని యువజన నగర వ్యవసాయ కార్యక్రమం అంటారు. సొంత ఇంటి అవసరానికి డాబా మీద పెంచే మిద్దెతోటకూ, కొన్ని కుటుంబాలు మళ్లు పంచుకుని సాగుచేసుకునే సామూహిక తోటకూ భిన్నంగా, ఇందులో సాగు, ఉపాధి, ఆహార పంపిణీ ఒకే నిర్వహణ కింద సాగుతాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1990ల నుంచి స్పష్టమైన రూపం సంతరించుకున్న ఈ కార్యక్రమాల సాగు విస్తీర్ణం చిన్నదే. వాటి నిలకడను దిగుబడి కంటే ఎక్కువగా నిర్ణయించినవి మూడు: నేల మీద హక్కు, యువతకు ఇచ్చే వేతనం, కొనేవారు భరించగల ధర.

చారిత్రక నేపథ్యం

ఆర్థిక సంక్షోభాలూ యుద్ధాలూ వచ్చినప్పుడల్లా అమెరికా నగరాలు సేద్యం వైపు చూశాయి. 1893 నాటి ఆర్థిక సంక్షోభంలో ఉపాధి కోల్పోయిన కార్మికులు ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు, కూరగాయలు పండించుకునే ఏర్పాటును డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ 1894లో చేయగా, ఇతర నగరాలూ ఆ పద్ధతిని అనుసరించాయి. పిల్లలను సాగులోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో న్యూయార్క్‌లోని డెవిట్ క్లింటన్ పార్కులో ఫ్యానీ గ్రిస్కామ్ పార్సన్స్ 1902లో నెలకొల్పిన బాలల వ్యవసాయ క్షేత్రం పేరెన్నికగన్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కేంద్ర విద్యా విభాగం బడిపిల్లలతో పాఠశాల తోటల దళాన్ని ఏర్పాటు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో విజయ తోటల పేరిట ఇంటింటా సాగు వ్యాపించింది. అవసరం తీరగానే ఖాళీ స్థలాల్లోని తోటలు చాలావరకు మూతపడటానికి ఒక కారణం, ఆ స్థలాలను తాత్కాలిక అనుమతితోనే వాడుకోనిచ్చారు తప్ప సాగుదారులకు వాటిపై ఏ హక్కూ కల్పించకపోవడం.

యుద్ధానంతరం పరిస్థితి మారింది. కర్మాగారాలు తరలిపోయాయి, స్థోమత కలిగిన శ్వేతజాతి కుటుంబాలు శివార్లకు వెళ్లాయి, వారి వెంటే పెద్ద కిరాణా దుకాణాలూ కదిలాయి. నల్లజాతివారు నివసించే పేటలను ప్రమాదకరమైనవిగా పటాల్లో ఎర్రరంగుతో గుర్తించి, అక్కడ గృహరుణాలు దక్కకుండా చేసిన 1930ల నాటి విధానం ఈ క్షీణతను మరింత పెంచింది. 1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 2010 నాటికి సుమారు 7 లక్షల 14 వేలకు పడిపోయింది. ఇళ్లు కూల్చగా మిగిలిన స్థలాలు, ఉద్యోగాలు లేని యువత, తాజా కూరగాయలు దొరకని దుకాణాలు ఒకే పేటలో పోగుపడిన ఈ స్థితే యువజన వ్యవసాయ కార్యక్రమాలకు పునాది అయింది. 1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ, ఆమె సహచరులు ఖాళీ స్థలాన్ని బాగుచేసి వేసిన తోటతో ఊపందుకున్న సామూహిక తోటల ఉద్యమం వీటికి దారి చూపింది.

ఆహార ఎడారి అనే భావన

తాజా ఆహారం అమ్మే పెద్ద దుకాణానికి దూరమైన, ఆదాయం తక్కువగా ఉన్న ప్రాంతాన్ని ఆహార ఎడారి అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ వాడుతూ వచ్చిన ఒక కొలత ప్రకారం, అల్పాదాయ జనగణన ప్రాంతంలో కనీసం 500 మంది గానీ, జనాభాలో మూడోవంతు గానీ పెద్ద దుకాణానికి నగరమైతే 1 మైలుకు, గ్రామమైతే 10 మైళ్లకు మించిన దూరంలో ఉంటే ఆ ప్రాంతం ఈ కోవలోకి వస్తుంది. ఎడారి ప్రకృతి సిద్ధంగా ఏర్పడేది కాగా ఈ కొరత విధాన నిర్ణయాల ఫలితమని వాదించిన న్యూయార్క్ తోటల కార్యకర్త కరెన్ వాషింగ్టన్ వంటివారు దీన్ని ఆహార వర్ణవివక్ష అనడమే సరైనదన్నారు. దుకాణం దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆహారం అందినట్టు కాదు, చేతిలో డబ్బూ ఉండాలి. వేతనాన్నీ పంటనూ ముడిపెట్టిన కార్యక్రమాలకు ఈ అవగాహనే ఆధారం.

ప్రధాన కార్యక్రమాలు

లాస్ ఏంజెలెస్‌లో 1992 అల్లర్ల తరువాత క్రెన్‌షా హైస్కూలు విద్యార్థులు బడి వెనక పాడుపడిన తోటను బాగుచేసి ‘ఫుడ్ ఫ్రమ్ ద హుడ్’ అనే సంస్థను ప్రారంభించారు. మొదట పంటను పేదలకు పంచి, తరువాత రైతుల సంతలో అమ్మిన ఆ విద్యార్థులు, కూరగాయల మీద మిగిలేది స్వల్పమని గ్రహించి, పచ్చికూరల మీద పోసుకునే సలాడ్ డ్రెసింగ్‌ను తమ పేరుతో తయారుచేయించి దుకాణాలకు అందించారు. వచ్చిన లాభాన్ని తమ కళాశాల చదువుల ఉపకార వేతనాలకు మళ్లించుకున్నారు. చిన్న స్థలంలో పండే పంట కంటే దానికి విలువ జోడించిన సరుకు ఎక్కువ ఆదాయం ఇవ్వగలదని ఈ ఉదాహరణ చూపింది.

మసాచుసెట్స్‌లో వార్డ్ చేనీ 1991లో లింకన్ అనే శివారు పట్టణంలో స్థాపించిన ‘ద ఫుడ్ ప్రాజెక్ట్’ నగర యువతనూ శివార్ల యువతనూ ఒకే మడిలో పనికి దింపడాన్ని తన పద్ధతిగా చేసుకుని, తరువాత బోస్టన్‌లోని డడ్లీ ప్రాంతానికీ, లిన్ వంటి పట్టణాలకూ విస్తరించింది. ఇందులో చేరినవారు మొదట విత్తన బృందంలో వేసవి పని నేర్చుకుని, తరువాత మట్టి బృందంలో బడి రోజుల్లో కొనసాగి, ఆపై వేరు బృందంలో కొత్తవారికి నాయకత్వం వహిస్తారు. సూటి మాట అనే వారి సమీక్షలో, ఒక్కొక్కరి పనిలో మెచ్చదగినదీ మెరుగుపడవలసినదీ పేరుపెట్టి నేరుగా చెబుతారు. వేళకు రావడం, చెప్పిన పని ముగించడం వంటి ప్రమాణాలను ఉద్యోగ నిబంధనలుగా అమలుచేయడం వల్ల ఇది సేవా శిబిరంలా కాక కొలువులా నడుస్తుంది.

డడ్లీలో ఈ సంస్థ వేళ్లూనడానికి అక్కడి భూమి చరిత్ర తోడ్పడింది. 1980లలో తగులబడిన ఇళ్ల స్థలాలు, చెత్త గుట్టలతో నిండిన ఆ పేటలో నివాసులు 1984లో డడ్లీ స్ట్రీట్ నైబర్‌హుడ్ ఇనిషియేటివ్‌గా సంఘటితమయ్యారు. ప్రజాప్రయోజనం కోసం ప్రైవేటు భూమిని పరిహారం చెల్లించి స్వాధీనం చేసుకునే అధికారాన్ని 1988లో నగరం నుంచి పొంది, ఖాళీ స్థలాలను సామూహిక భూ ధర్మకర్తృత్వ సంస్థ కిందికి తెచ్చారు. భూమి యాజమాన్యం శాశ్వతంగా సమూహం పేరిట ఉండి, వాడుకునే హక్కు మాత్రం దీర్ఘకాల కౌలు రూపంలో ఇతరులకు లభించే ఏర్పాటే ఈ ధర్మకర్తృత్వం. ఆ భూమిలోని 10,000 చదరపు అడుగుల హరితగృహంలో కొంత భాగం పేటవారి మళ్లకు, మిగతాది అమ్మకపు పంటకు కేటాయించారు. కరీబియన్, కేప్‌వర్డ్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ పేట తోటల్లో, జమైకావారు ఇష్టపడే కలలూ అనే తోటకూర జాతి ఆకుకూర వంటివాటికి ఆదరణ ఉంది. కొనేవారి వంటింటికి సరిపడే పంటను ఎంచుకోవడం ఆహార అందుబాటులో భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది.

మిల్వాకీలో మాజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు విల్ ఆలెన్ 1993లో మూతబడబోతున్న ఒక నర్సరీని కొని, దాని ఆధారంగా ‘గ్రోయింగ్ పవర్’ సంస్థను నిర్మించారు. సమీపంలోని ప్రభుత్వ గృహసముదాయాల పిల్లలు అక్కడ పనిచేశారు. వానపాముల ఎరువును భారీగా తయారుచేయడం, చేపల తొట్టి నీటిని మొక్కల వేళ్ల గుండా పంపి శుభ్రపరిచి తిరిగి తొట్టికి చేర్చే పద్ధతిలో తిలాపియా, పెర్చ్ చేపలనూ ఆకుకూరలనూ కలిపి పెంచడం ఈ సంస్థ ప్రత్యేకతలు. చేపల విసర్జనలోని అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చడం వల్ల మొక్కలకు పోషకం, చేపలకు మంచినీరు ఒకేసారి అందుతాయి. 2008లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్న ఆలెన్ దేశవ్యాప్త ఖ్యాతి పొందినా, విరాళాల మీద, ఒకే వ్యక్తి పేరు మీద నిలిచిన ఆ సంస్థ అప్పుల భారంతో 2017లో మూతపడింది.

న్యూయార్క్‌లోని రెడ్‌హుక్‌లో 2001లో ఏర్పడిన ‘యాడెడ్ వాల్యూ’ అనే యువజన సంస్థ, నగర పార్కుల శాఖకు చెందిన పాడుపడిన ఆటస్థలంలో తారు పొరను తొలగించకుండా దానిమీదే కంపోస్టు పరిచి, 2.75 ఎకరాల్లో సాగు మొదలుపెట్టింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను సముద్రపు నీటితో ఈ క్షేత్రాన్ని ముంచెత్తింది. అదే నగరంలో 2009లో మొదలైన ‘గ్రీన్ సిటీ ఫోర్స్’ ప్రభుత్వ గృహాల్లో నివసించే 18–24 ఏళ్ల యువతను జాతీయ సేవా పథకమైన అమెరికోర్ కింద చేర్చుకుని, 2013లో రెడ్‌హుక్ గృహసముదాయంలో తొలి క్షేత్రాన్ని తీర్చిదిద్దింది.

నేల, మడి నిర్మాణం

నగర నేలల్లో ప్రధాన సమస్య సీసం. ఇళ్లకు వాడిన సీసపు రంగులను అమెరికాలో 1978లో నిషేధించినా, అప్పటికే రాలిన పెచ్చులు, దశాబ్దాల పాటు వాహనాల పొగలోంచి దిగిన సీసపు ధూళి మట్టిలోనే ఉండిపోయాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కనుక, సాగుకు ముందు స్థలంలోని వేర్వేరు చోట్ల నుంచి తీసిన మట్టిని కలిపి ప్రయోగశాలకు పంపడం తప్పనిసరి అలవాటుగా మారింది. మొక్క లోపలికి చేరే సీసం కంటే చేతులకు, ఆకులకు, దుంపలకు అంటుకునే మట్టి వల్లే ప్రమాదం ఎక్కువ. అందుకే నేలమీద నీరు దిగే గుడ్డ పరిచి, చుట్టూ రసాయనాలు పూయని చెక్క పలకలు బిగించి, లోపల శుభ్రమైన మట్టిని కంపోస్టుతో కలిపి నింపిన ఎత్తు మడులు కడతారు. నడవలను చెక్కపొట్టుతో కప్పి దుమ్ము లేవకుండా చూస్తారు. దుంపకూరలను కలుషిత నేలకు దూరంగా ఉంచి, కోసిన కూరలను కడిగాకే అమ్మకానికి పెడతారు. పక్క నుంచి ఎగిరివచ్చే ధూళి మళ్లీ పేరుకుంటుంది కాబట్టి పరీక్షను కొన్నేళ్లకొకసారి తిరిగి చేయవలసి ఉంటుంది.

పంపిణీ, ధర

పండినదాన్ని సాధారణంగా మూడు దారుల్లో పంపుతారు. కొంత పేటలోని సంతలో అమ్ముతారు. కొంత భాగాన్ని, సాగుకాలం మొదట్లోనే సొమ్ము చెల్లించి వారం వారం కూరల పెట్టె అందుకునే వాటాదారులకు ఇస్తారు. మిగిలింది ఉచిత భోజనశాలలకు, ఆహార నిల్వ కేంద్రాలకు వెళుతుంది. సాగు ఖర్చు రాబట్టే ధర పేద కుటుంబానికి భారమవుతుంది, ఆ కుటుంబం భరించగల ధరకు అమ్మితే సాగు నష్టపోతుంది. ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే జోడింపు పథకాలు. కేంద్ర ఆహార సహాయ పథకమైన స్నాప్ కింద కార్డు ద్వారా కొనేవారు రైతుల సంతలో ఎంత ఖర్చుపెడితే అంత మొత్తాన్ని పండ్లు, కూరగాయల కోసం ఒక పరిమితి వరకు అదనంగా జమచేస్తారు. ఈ తరహాలో బోస్టన్‌లో 2008లో బౌంటీ బక్స్, డెట్రాయిట్‌లో 2009లో డబుల్ అప్ ఫుడ్ బక్స్ మొదలుకాగా, 2014 వ్యవసాయ చట్టం వీటికి కేంద్ర నిధులు కేటాయించింది.

చట్టాలు, భూహక్కులు

లాస్ ఏంజెలెస్‌లోని 14 ఎకరాల సౌత్ సెంట్రల్ ఫార్మ్ ఉదంతం భూహక్కు లేని సాగుకు ఎదురయ్యే ముప్పును చాటింది. నగరం 1980లలో స్వాధీనం చేసుకున్న ఆ భూమిని 2003లో పాత యజమానికి తిరిగి అమ్మివేయగా, దాదాపు 350 కుటుంబాలు పండిస్తున్న మళ్లను 2006 జూన్‌లో ఖాళీ చేయించారు. తరువాతి కాలంలో నగరాలు, రాష్ట్రాలు చట్టపరమైన గుర్తింపు వైపు కదిలాయి. డెట్రాయిట్, బోస్టన్ 2013లో తమ భూవినియోగ నిబంధనల్లో నగర వ్యవసాయానికి చోటు కల్పించాయి. కనీసం 5 ఏళ్లపాటు భూమిని సాగుకు ఉంచే యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇచ్చే చట్టాన్ని కాలిఫోర్నియా అదే ఏడాది తెచ్చింది. సామూహిక ఆహార ప్రాజెక్టులకు 1996 వ్యవసాయ చట్టంతో మొదలైన కేంద్ర నిధులకు తోడుగా, 2018 చట్టం వ్యవసాయ శాఖలో నగర వ్యవసాయానికి ప్రత్యేక కార్యాలయాన్ని నెలకొల్పింది.

విమర్శ, అంచనా

ఎకరం రెండెకరాల క్షేత్రం ఒక పేట ఆహార అవసరాన్ని తీర్చలేదనీ, వేసవి కొలువు కుటుంబ దారిద్ర్యాన్ని పోగొట్టదనీ, పైగా తోట వల్ల పేట అందం పెరిగి అద్దెలు హెచ్చితే ఎవరికోసం పండించారో వారే వెళ్లిపోవలసి వస్తుందనీ విమర్శకులు అంటారు. ఏటా విరాళాల దరఖాస్తుల మీద ఆధారపడటం, నిర్వాహకులు బయటి నుంచి వచ్చిన శ్వేతజాతీయులై పనివారు స్థానిక నల్లజాతి, లాటినో యువతగా మిగిలిపోవడం కూడా తరచుగా ఎత్తిచూపే లోపాలే. ఈ విమర్శలకు ఆచరణలో ఇచ్చిన సమాధానాల్లో డెట్రాయిట్ నల్లజాతి ఆహార భద్రతా సంఘం కృషి గమనించదగినది. మలిక్ యాకీనీ నాయకత్వంలో 2006లో ఏర్పడిన ఈ సంఘం రూజ్ పార్కులో 7 ఎకరాల డీ-టౌన్ ఫార్మ్‌ను నడుపుతూ, పిల్లలకు ఆహార యోధుల పేరిట శిక్షణ ఇస్తూనే, నగరానికి ఆహార భద్రతా విధానాన్ని రూపొందించి 2008లో నగర మండలి ఆమోదం పొందింది. సాగుతో ఆగకుండా అమ్మకాన్నీ సమూహం చేతిలోకి తేవడానికి సంఘం చేసిన సుదీర్ఘ ప్రయత్నం ఫలించి, సభ్యుల యాజమాన్యంలోని డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్ అనే సహకార కిరాణా దుకాణం 2024లో తెరుచుకుంది.