ఆక్రమిత పోలండులో రహస్య విద్య (1939–1945)

రెండవ ప్రపంచయుద్ధకాలపు పోలండులో ప్రతిఘటన అనగానే 1944 ఆగస్టు 1న మొదలైన వార్సా తిరుగుబాటు ముందుగా గుర్తుకు వస్తుంది. తుపాకి పట్టని పౌరులు ఏళ్ల తరబడి ఇళ్లలో నడిపిన బడులకు ఆ చరిత్రలో దక్కే చోటు తక్కువే. ఆక్రమణదారులు చదువుకు ఎంతగా భయపడ్డారో గమనిస్తే ఈ ప్రాధాన్యక్రమం సరైనది కాదని తెలుస్తుంది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ, అదే నెల 17న సోవియట్ యూనియన్ పోలండుపై దాడిచేశాయి. జర్మనీ తన వాటాలో కొంత భాగాన్ని నేరుగా విలీనం చేసుకొని, మిగిలినదాన్ని హాన్స్ ఫ్రాంక్ అధికారంలో ‘జనరల్ గవర్నమెంట్’గా ఏర్పరచింది. నవంబరు 6న క్రాకోలోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయ ఆచార్యులను ఉపన్యాసం పేరుతో ఒకచోటికి పిలిపించారు. విద్యావిధానంపై ప్రసంగమని వచ్చినవారికి అక్కడ ఎదురైనది నిర్బంధం. ఆనాడు పట్టుబడిన 183 మందిలో అత్యధికులు జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి చేరారు. విశ్వవిద్యాలయాలు, ఉన్నత పాఠశాలలు మూతపడ్డాయి. పోలిష్ పిల్లలకు మిగిలినవి ప్రాథమిక, వృత్తి విద్యలే. వాటిలోనూ చరిత్ర, భూగోళం నిషిద్ధాలు. 1940 మే నెలలో హిమ్లర్ రాసిన పత్రంలో ఈ విధానం ముసుగు లేకుండా కనిపిస్తుంది: 500 వరకు లెక్కపెట్టడం, తన పేరు రాసుకోవడం, జర్మనులకు విధేయంగా ఉండడం చాలు, చదవడం నేర్పనక్కరలేదు.

ఉపాధ్యాయులు అంతకుముందే మేల్కొన్నారు. 1939 అక్టోబరులోనే ఉపాధ్యాయ సంఘ సభ్యులు రహస్య బోధనా సంస్థను నెలకొల్పారు. కొద్దిమంది విద్యార్థులు ఎవరో ఒకరి ఇంట కలిసి పాఠం వినేవారు. ఈ చిన్న బృందాలకు ‘కొంప్లెటీ’ అని పేరు. వీధిలో హఠాత్తుగా జనాన్ని చుట్టుముట్టి బలవంతపు చాకిరీకి జర్మనీకి తరలిస్తున్న రోజుల్లో, చరిత్ర పుస్తకంతో ఇల్లు కదలడమే ప్రమాదం. 1941 నాటికి పోలిష్ పౌరునికి అనుమతించిన రేషను రోజుకు 700 కేలరీలకు లోపే ఉండేది. దొంగబజారు లేనిదే పూట గడవని నగరంలో పాఠానికి వేళ కేటాయించుకున్నారంటే, ఆ చదువు కేవలం కాలక్షేపం కాదు. క్రాకో విశ్వవిద్యాలయం 1942 నుండి రహస్యంగా పనిచేసింది. తరువాతి కాలంలో రెండవ జాన్ పాల్ పేరుతో పోప్ అయిన కరోల్ వొయ్తీవా సొల్వే కర్మాగారంలో కూలిపని చేస్తూ ఆ ఏడాదే రహస్యంగా వేదాంత విద్యలో చేరాడు.

అన్ని తరగతులూ తలుపులు మూసుకొనే సాగలేదు. అధికారుల అనుమతిని అడ్డుపెట్టుకొని సాగినవీ ఉన్నాయి. పరిశోధకునికి ఇవే ఎక్కువ ఆసక్తికరం. 1941లో వార్సాలో శస్త్రవైద్యుడు యాన్ జాఓర్‌స్కీ ఆరోగ్య సహాయకుల శిక్షణ పాఠశాల తెరిచాడు. అంటువ్యాధులంటే జర్మనులకున్న భయమే దానికి అనుమతి తెచ్చింది. కాగితాలమీద అది వృత్తివిద్య. తరగతి గదిలో మాత్రం విశ్వవిద్యాలయ స్థాయి వైద్యశాస్త్రం.

అదే ఏడాది అదే నగరంలో, 1940 నవంబరులో మూసివేసిన గెట్టో గోడ లోపల యూలియుష్ త్స్వైబౌమ్ సరిగ్గా ఇదే ఉపాయం పన్నాడు. అంటువ్యాధుల నివారణ శిక్షణ అన్న పేరుతో ఆయన వైద్య కళాశాలనే నడిపాడు. రక్తవర్గాల పరిశోధనలో ప్రసిద్ధుడైన లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ అక్కడ పాఠం చెప్పాడు. టైఫస్ ప్రబలిన గెట్టోలో ఆ శిక్షణ పేరు పూర్తిగా అబద్ధమూ కాదు. పోలిష్ రహస్య విద్యను ఒకే జాతీయ గాథగా చెప్పే రచనలు ఈ రెండు బడులనూ పక్కపక్కన ఉంచి చూడవలసి ఉంది. ఉపాయం ఒక్కటే, బోధించిన శాస్త్రమూ ఒక్కటే. గోడకు వెలుపల చదివినవారికి పట్టుబడితే శిక్ష. లోపలివారికి పట్టుబడినా పడకపోయినా ఒకే శిక్ష.

జాఓర్‌స్కీ బడి తిరుగుబాటు దాకా నిలిచింది. గెట్టో వైద్య తరగతులు 1942 జూలైలో ఆగిపోయాయి. ఆ నెల 22న ట్రెబ్లింకాకు తరలింపులు మొదలయ్యాయి. విద్యార్థుల్లో అధికులు తిరిగి రాలేదు. హిర్ష్‌ఫెల్డ్ గోడ దాటి బయటపడి, యుద్ధానంతరం వ్రోత్స్వావ్‌లో మళ్లీ వైద్యవిద్య బోధించాడు.