కొండగోగు బంక: అడవి నుంచి ప్రయోగశాలకు

సంగం దగ్గర పెన్న గట్టున నల్లతుమ్మ బెరడుపై గట్టిపడిన బంకను మీరు చూసే ఉంటారు. రసాయన శాస్త్రంలో ఇది పాలీశాకరైడ్, అంటే అనేక చక్కెర అణువులు గొలుసుకట్టిన పదార్థం. ఈ భాగంలో మనం తెలుసుకోబోయేది అలాంటి మరొక బంక చరిత్ర. తూర్పు కనుమల ఎండు కొండలపై పెద్ద పసుపు పూలు పూసే కొండగోగు దాని చెట్టు.

ఇరాన్ నుంచి వచ్చే ఖరీదైన ట్రాగకాంత్ బంకకు బదులుగా పాశ్చాత్య దేశాలు 20వ శతాబ్దంలో మన తపసి బంకను కొన్నాయి. దాని వాణిజ్య నామం కరాయ. నీటిలో విపరీతంగా ఉబ్బే ఈ బంకను విరేచనకారిగానూ, కట్టుడు పళ్లు నిలిపే జిగురుగానూ వాడారు. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. యూరప్ ఆహార ప్రమాణాల నిర్వచనంలో తపసితోపాటు కొండగోగు కూడా కరాయగానే చేరింది. కుటుంబాలే వేరైన రెండు చెట్లకు ఒకే పేరు! బంక సేకరించే గిరిజనుడు మాత్రం ఏ చెట్టు ఏదో చూడగానే చెప్పగలడు.

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొనసాగింది. అయితే తినదగినదని రుజువు లేని బంకకు ఆహార పరిశ్రమలో చోటు దొరకదు. ఈ పనిని ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్రవేత్తలు బి. జానకి, ఆర్.బి. శశిధర్ చేపట్టారు. వారు 1998లో బంక భౌతిక, రసాయన లక్షణాలను ప్రచురించారు. 2000లో ఎలుకలకు 90 రోజులు తినిపించిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. విషప్రభావం కనిపించలేదు.

బంకను వేరుచేసే పద్ధతి సులువే. పొడిని నీటిలో నానబెట్టి, గంటల తరబడి కలిపి, బెరడు ముక్కలను వడకట్టి, మిగిలిన ద్రవాన్ని ఆరబెడతారు. తర్వాత అందులోని రామ్నోజ్, గెలాక్టోజ్, యురోనిక్ ఆమ్లాలను లెక్కిస్తారు. కష్టమైనది ఆ తర్వాతి ప్రశ్న. ఎలుకకు హాని చేయకపోవడం వేరు, మనిషి రోగాన్ని తగ్గించడం వేరు. ఈ రెంటినీ కలిపేసే ప్రకటనలు మందుల దుకాణాల్లో మీకు తరచుగా ఎదురవుతాయి. 90 రోజుల పరీక్ష తేల్చింది మొదటిదాన్నే.

2010లో హైదరాబాదు పరిశోధకులు ఇదే బంకతో వెండి నానోకణాలను తయారుచేశారు. ఆ కణాలు బ్యాక్టీరియాను అడ్డుకున్నాయి. అదీ ప్రయోగశాలలోనే.

గిరాకీ పెరిగితే గొడ్డలి గాటు కూడా లోతవుతుంది. లోతైన గాట్లకు తపసి చెట్లు అనేకం ఎండిపోయాయి. అందుకే ఆంధ్ర అడవుల్లో సేకరణదారులకు పైపైన, సన్నగా గాటు పెట్టి, గాయం మానేదాకా చెట్టును వదిలేయడం నేర్పారు.