పౌను గింజలు, అర అణా

3 కిలోల 175 గ్రాముల జొన్నలు సంచిలో పోసుకుని పిండి మిషనుకు పోయాను. "ఇంకో రెండు కిలోలు కలుపుకోని రాకూడదా సార్? ఇంత కొంచెం ఏస్తే రాయికే పోతాది" అన్నాడు మిషనాయన. ఆడించి తెచ్చి ఇంట్లో తూస్తే పిండి 3 కిలోల 30 గ్రాములుంది. పోయింది 145 గ్రాములు. మా ఇంట్లో చేసే లెక్కన రొట్టెన్నర. ఆ రోజు ఆ తేడాను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తూకం నేను ఎంచుకున్నది కాదు. 1877లో మద్రాసు రాజధానిలో కరువు పనికి వచ్చిన మగమనిషికి దొరతనం నిర్ణయించిన రోజు కూలి ఒక పౌను గింజల ఖరీదు, దానిపైన అర అణా. పౌను అంటే 453 గ్రాముల పైచిలుకు. ఏడు రోజులకు 3 కిలోల 175. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకంటే తక్కువ. పత్తికొండ ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ని నేను. ధాత కరువని పిలిచే ఆ కరువును ఏటా ఒక పేరాలో ముగించేవాణ్ని. రిటైరయ్యాక ఆ పేరా నన్ను వదల్లేదు. ఆ కూలితో ఒక వారం నా ఒంటి మీదే చూసుకోవాలనిపించింది.

1876లో వానలు పోయాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ముందుగా, ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇప్పటి అనంతపురం అప్పుడు బళ్లారిలో భాగమే, వేరే జిల్లా అయింది 1882లో. ఏడాది తిరక్కుండానే లక్షల మంది కంకర కొట్టడానికీ, మట్టి మోయడానికీ కరువు పనుల్లో చేరారు. 1877 జనవరి 1న విక్టోరియాను హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేశాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్‌ను ఖర్చు తగ్గించే పని మీద దక్షిణాదికి పంపాడు.

టెంపుల్ సంగతి ఒకటి చెప్పాలి. మూడేళ్ల ముందు, 1873-74లో, బీహారులో కరువొస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడింది ఈయనే. చావులు చాలా తక్కువ. కానీ డబ్బు దుబారా చేశాడని పైవాళ్లు ఆయన్ను ఆడిపోసుకున్నారు. మద్రాసుకు వచ్చేటప్పుడు ఆ మాట ఆయన మనసులో ఉండే ఉంటుందని నేను నమ్ముతాను. మనుషుల్ని బతికించినందుకు తిట్లు తిన్నవాడు రెండోసారి ముందు లెక్కలే చూసుకుంటాడు. ఆయన చేతుల మీదుగా కూలి పౌనుకు దిగింది. జనం నోట అది టెంపుల్ కూలి అయింది.

దానికి అడ్డం నిలబడినవాడు డబ్ల్యూ. ఆర్. కార్నిష్, మద్రాసు శానిటరీ కమిషనర్, డాక్టరు. మన జిల్లాల్లో జనం ఏం తింటారో 1860ల్లోనే కూర్చి రాసినవాడు. ఎండలో మట్టి మోసే మనిషికి పౌను గింజలు చాలవనీ, పౌనున్నర కావాలనీ, పప్పూ కూరా లేని గింజ ఒక్కటే కండ నిలపదనీ ఆయన వాదన. తిండి తక్కువైతే మనిషి ఆ రోజే పడిపోడనీ, లోపల్లోపల కరిగి తరువాత చిన్న జబ్బుకే పోతాడనీ హెచ్చరించాడు. క్యాంపుల్లో తిరిగి చూశానని, జనం బాగానే ఉన్నారని టెంపుల్ జవాబిచ్చాడు. ఈ వాదం కాగితాల మీద నెలల తరబడి నడిచింది. గవర్నరు బకింగ్‌హాం డ్యూకు చివరికి డాక్టరు వైపు మొగ్గాడు, వేసవిలో కూలి కొంత పెరిగింది. మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఈ కథంతా 1878లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. రిటైరయ్యాక నేను కూర్చుని చదివింది అదే.

ఇక నా వారం. మా తమ్ముని చేనిలో గట్టు తెగి ఉంది. పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా పార, గంప పట్టుకుని ఆ గట్టు వేయడం నా పని. అర అణా కింద రోజుకు గుప్పెడు కందిపప్పు, ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, ఇంత చింతపండు అనుకున్నాను. నూనె లేదు, మజ్జిగ లేదు, ఉల్లిగడ్డ లేదు. ఆనాటి కూలివాడు ఆ అర అణాలోనే కట్టెలు కూడా కొనుక్కోవాలి. నాకు గ్యాసు ఉంది. ఆ మాట దాచుకోను.

రోజుకు ఐదు రొట్టెలు. వేడి నీళ్లు పోసి పిండి కలిపి, అరచేతి మడమతో నెట్టి నెట్టి మెత్తగా చేసి, పీట మీద తట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పిండి సరిగ్గా పిసకకపోతే అంచు పగులుతుంది, పగిలిన ముక్క పెనం మీద మాడుతుంది. మామూలు రోజుల్లో ఆ మాడు తీసి కుక్కకు వేస్తాం. మూడో రోజు నుంచి నేను ఆ మాడు నమిలాను. తట్టేటప్పుడు కింద పడే పొడిపిండి ఉంటుంది చూడండి, దాన్ని అరచేతి అంచుతో పోగుచేసి మళ్లీ డబ్బాలో వేసుకోవడం నాకు తెలియకుండానే అలవాటైంది. అది చూసి మా అమ్మ, "మీ జేజి అచ్చం ఇట్లే చేస్తాండె" అంది. ఎనభై దాటిన మనిషి, ఆ వారం అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

మా జేజి పుట్టింది 1910 ప్రాంతంలో. ధాత కరువు ఆమె చూడలేదు. ఆమెను పెంచిన అవ్వ చూసింది, పదిహేనేళ్ల పిల్లగా రోడ్డు పనికి పోయింది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి తిన్న సంగతి జేజి ఆమె మాటల్లోనే చెప్పేది. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనం సామెతగా అంటాం. ఆ ఇంట్లో అది వంట పేరు. జేజి తొంభై ఏళ్లు బతికింది. ఏ రోజూ పీట మీద పిండి వదలలేదు, ఎందుకని మేమెవరమూ అడగలేదు.

మొదటి రెండు రోజులు ఏమీ అనిపించలేదు. నాలుగో రోజు గంప భుజానికి ఎత్తుకుంటే మోకాళ్లు వణికాయి. పదకొండింటికి ఇంటికొచ్చి గోడకు ఆనుకుంటే సాయంత్రం దాకా లేవబుద్ధి కాలేదు. కోపం ఊరికే వచ్చేది. రోజుకు 450 గ్రాముల జొన్నల్లో ఉండేది సుమారు 1500 కేలరీలు, పప్పుతో కలిపినా మరీ ఎక్కువ కాదు. బరువు పని చేసే మగవాడికి 3470 కావాలని మన వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. సగం కూడా లేదు. కార్నిష్ దగ్గర ఈ అంకెలు లేవు, క్యాంపుల్లో మనుషుల్ని చూసిన కళ్లు ఉన్నాయి.

ఐదో రోజు జరిగింది చెప్పకపోతే ఈ వ్యాసం రాసి దండగ. మధ్యాహ్నం నేను మూడో రొట్టె విరుచుకుంటుంటే నాలుగేళ్ల మనవడు వచ్చి, "తాతా, నాకు" అని చెయ్యి చాపాడు. వాడి కంచంలో అన్నం, పప్పు ఉన్నాయి. వాడికి కావాల్సింది తాత చేతిలోది. సగం ఇచ్చాను. ఇచ్చిన మరుక్షణం నా మనసులో లెక్క నడిచింది. చేతిలోదాంతో కలిపి ఇక రెండున్నర ఉన్నాయి, నిన్న ఈ వేళకు మూడు ఉండె. మనవడికి పెట్టిన సగం రొట్టెను నేను లెక్కపెట్టాను. నా అరవై ఏళ్ల బతుకులో అన్నం దగ్గర ఎప్పుడూ అట్లా జరగలేదు.

పౌను అనే కొలతలో తప్పెక్కడుందో అప్పుడు నాకు అర్థమైంది. అది పని చేసే ఒక శరీరానికి కట్టిన లెక్క. రొట్టె తినేది ఇల్లు. కూలివాడు తన పౌను ఇంటికి తెస్తే ముసలి తల్లి ఉంటుంది, పనికి రాని పిల్లవాడు ఉంటాడు. పని చేయలేని వాళ్లకు వేరే గంజి, వేరే శిబిరం దొరతనం పెట్టింది నిజమే. కానీ తల్లిని శిబిరంలో దింపి రావడానికి కొడుకు కాళ్లు ఆడతాయా? సగం రొట్టె చేతులు మారుతుంది. టెంపుల్ లెక్కలో ఆ సగం రొట్టె లేదు. కార్నిష్ లెక్కలో కూడా పూర్తిగా లేదు.

మన కాలంలోనూ కొలిచేవాళ్లు తలలనే కొలిచారు, కాకపోతే చెయ్యి పెద్దదైంది. 1983 ఏప్రిల్ 14న ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు తలకు 5 కిలోలు, కార్డుకు 25 కిలోలు మించకుండా అన్నారు. మా ఇంట్లో అప్పుడు ఏడుగురం. ఇరవై ఐదు కిలోలకు ఏభై రూపాయలు పట్టుకుని క్యూలో నిలబడింది నేనే. అయినా ఆ మూట దింపిన రోజు మా అమ్మ ముఖం నాకింకా గుర్తుంది. జొన్నరొట్టె ఇంట్లో నెలంతా వరి అన్నం ఉడికింది ఆ ఏడే. ఆ పథకాన్ని తేలిగ్గా మాట్లాడేవాళ్లతో నేను ఇప్పటికీ వాదం పెట్టుకుంటాను. కుటుంబానికి ఇంతే అన్న ఆ గీతను తెలంగాణ 2015 జనవరిలో తీసేసి, ఎంతమందుంటే అంతమందికి తలకు 6 కిలోలు అంది. అది చదివిన రోజు నాకు మా ఏడుగురు గుర్తొచ్చారు.

కార్నిష్ గురించి ఇంకొక్క సంగతి. మద్రాసు రాజధాని 1871 జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే. కర్నూలు జిల్లాలో అప్పుడు 9 లక్షల 14 వేల మందికి పైగా ఉన్నారు. 1881లో మళ్లీ లెక్కపెడితే 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేరు.

ఏడో రోజు రాత్రి డబ్బాలో గుప్పెడు పిండి మిగిలింది, పీట మీద పోగుచేసుకున్నదే. మరుసటి పొద్దున మా అమ్మ దాంతో చిన్న రొట్టె తట్టి, వెన్న రాసి, మనవడి చేతిలో పెట్టింది. వాడు అందులో సగం విరిచి నాకు చాపాడు.