కెమెరా కటకం వెల: పెట్స్‌వాల్ నుంచి నేటి వరకు

ఛాయాగ్రహణ సామగ్రిలో వెలల తారతమ్యం అత్యధికంగా కనిపించేది కటకంలో, అంటే వాడుకలో లెన్స్ అని పిలిచే భాగంలో. ఒకే కెమెరాకు అమరి, ఒకే వెడల్పు దృశ్యాన్ని చూపే రెండు లెన్స్‌లలో ఒకదాని ధర రెండోదానికి పదింతలకు మించి ఉండడం నేడు వింతేమీ కాదు. ఆ అదనపు వెల చెల్లించడం సముచితమా కాదా అన్న సందేహం డిజిటల్ యుగంలో పుట్టినది కాదు. ఛాయాగ్రహణం వృత్తిగా మారిన తొలి సంవత్సరాల నుంచే అది ఆ వృత్తిని వెన్నంటి ఉన్నది. ఈ సుదీర్ఘ చరిత్రను పరిశీలిస్తే, ఖరీదైన లెన్స్ తన వెలను సమర్థించుకున్న ప్రతి సందర్భంలోనూ, అది లేనిదే జరగని పని ఒకటి కొనేవారి ముందు అప్పటికే ఉన్నదనీ, ఆ పనిని మరొక మార్గం తక్కువ ఖర్చుతో సాధించిన నాడు ఆ వెలకు ఆధారం సడలిపోయిందనీ తెలుస్తుంది.

ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి రెండు కొలతలు అవసరం. లెన్స్ దూరపు వస్తువు నుంచి వచ్చే కాంతిని ఎంత దూరంలో ఒకచోట చేర్చగలదో ఆ దూరాన్ని నాభ్యంతరం అంటారు. కాంతి లోపలికి ప్రవేశించే ద్వారపు వ్యాసంతో, అంటే ఫొటోగ్రాఫర్లు అపర్చర్ అనే దాని వ్యాసంతో, ఈ నాభ్యంతరాన్ని భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. సంఖ్య సగమైతే లోపలికి వచ్చే కాంతి నాలుగింతలవుతుంది. లెన్స్‌ల వెలల చరిత్ర చాలావరకు ఈ సంఖ్యను తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే. ద్వారం పెరిగే కొద్దీ కటకపు అంచుల గుండా వచ్చే కిరణాలు తప్పుదారి పట్టడం కూడా పెరుగుతుంది కనుక, ఆ దోషాలను సరిదిద్దడానికి మరిన్ని గాజు పలకలు, మరింత కఠినమైన గణితం, మరింత నిశితమైన సానపని కావలసి వచ్చాయి.

1839 ఆగస్టులో పారిస్‌లో డాగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతి లోకానికి వెల్లడైనప్పుడు, ఆ పద్ధతి కోసం జిరూ సంస్థ విక్రయించిన కెమెరాలో షార్ల్ షెవాలియె తయారుచేసిన లెన్స్ ఉండేది. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులను అతికించి, రంగులు విడిపోకుండా చేసిన ఈ లెన్స్‌కు అంచుల దోషాలు కప్పిపుచ్చడానికి ముందువైపు చిన్న ద్వారం ఉంచవలసి రావడంతో, దాని వేగం దాదాపు ఎఫ్/15 దగ్గర ఆగిపోయింది. భవనాలకు, వీధులకు అది చక్కగా సరిపోయింది. ఎందుకంటే అవి కదలవు. మనిషి ముఖం మాత్రం ఎండలో నిమిషాల తరబడి కదలకుండా ఉండలేదు. కొత్త కళకు డబ్బు చెల్లించడానికి ముందుకు వచ్చిన జనం కోరుకున్నది తమ చిత్తరువులనే కావడంతో, మార్కెట్ కోరినదానికీ లెన్స్ ఇవ్వగలిగినదానికీ మధ్య పెద్ద అగాధం ఏర్పడింది.

ఆ అగాధాన్ని పూడ్చినవాడు వియన్నా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్. నేటి స్లొవేకియాలో ఉన్న స్పిష్‌స్కా బెలాలో 1807లో జన్మించిన ఈయన, పారిస్ వెళ్లి కొత్త పద్ధతిని చూసి వచ్చిన సహాధ్యాపకుడు ఎట్టింగ్స్‌హౌజెన్ ప్రోత్సాహంతో ఈ సమస్యను చేపట్టాడు. అంతవరకు కటకాలు ఎక్కువగా పనివాడి చేతి అనుభవంతో, ఒకటి తయారుచేసి చూసి మరొకటి సవరించే పద్ధతిలో రూపొందేవి. పెట్స్‌వాల్ గాజును ముట్టకముందే కిరణాల మార్గాన్ని కాగితం మీద లెక్కగట్టాడు. ఆ లెక్కలు ఒక్కడి వల్ల తెమిలేవి కావు. ఆస్ట్రియా ఫిరంగిదళానికి అధిపతిగా ఉన్న ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ లెక్కల్లో నిపుణులైన కొందరు సైనికులను ఆయనకు సహాయంగా ఇచ్చాడు. ఫిరంగి గుండు దారిని గణించడానికి శిక్షణ పొందిన చేతులు కాంతి దారిని గణించడానికి మళ్లడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో తగినంతగా చెప్పుకోని ఘట్టం. 1840లో సిద్ధమైన ఆ లెన్స్ వేగం సుమారు ఎఫ్/3.6, షెవాలియె లెన్స్‌తో పోలిస్తే అది పదిహేనింతలకు పైగా కాంతిని లోపలికి పంపింది. దాదాపు అదే కాలంలో రసాయనాల్లో వచ్చిన మెరుగుదల దీనికి తోడు కావడంతో, నిమిషాల లెక్క సెకన్లకు దిగింది.

ఆ లెన్స్‌ను తయారుచేసినవాడు వియన్నాలో 1756 నుంచీ నడుస్తున్న కుటుంబ సంస్థ అధిపతి ఫోక్ట్‌లెండర్. పెట్స్‌వాల్‌కు ముట్టినది ఒకేసారి చెల్లించిన 2,000 గుల్డెన్లు మాత్రమే. అమ్మకాలలో వాటా ఏదీ ఆయనకు లేదు. ఇతర దేశాల్లో పేటెంటు రక్షణ లేకపోవడంతో ఫ్రెంచి, ఆంగ్ల తయారీదారులు కూడా త్వరలోనే ఆ నమూనాను అనుకరించారు. లెన్స్ ధరలో పదార్థానికీ శ్రమకూ ఎంత, లెక్క కట్టిన మేధకు ఎంత అన్న ప్రశ్న మొదటిసారి ఇంత తీవ్రంగా తలెత్తినది ఇక్కడే. దానికి లభించిన సమాధానం మేధకు అన్యాయం చేసింది. కిరణాల సిద్ధాంతం మీద ఆయన సిద్ధం చేస్తున్న బృహద్గ్రంథపు రాతప్రతి 1859లో ఇంట్లో జరిగిన దొంగతనంలో నాశనమైంది. ఆ తరువాత ఆ రంగం నుంచి క్రమంగా వైదొలగిన పెట్స్‌వాల్ 1891లో వియన్నాలో మరణించాడు.

చిత్తరువుల స్టూడియో నడిపేవారికి పెట్స్‌వాల్ లెన్స్ వెల ఎంతైనా భారం కాలేదు, ఎందుకంటే ఒక రోజులో కూర్చోబెట్టగల గిరాకీల సంఖ్యనే అది పెంచింది. అంతేకాక, నడుమ ఎంతో స్పష్టంగా, అంచుల వైపు మెత్తబడుతూ వచ్చే దాని స్వభావం ముఖానికి అనువైనది. ప్రకృతి దృశ్యాలు తీసేవారికి మాత్రం ఆ స్వభావమే దోషం. బయటి వెలుగులో చిన్న ద్వారం చాలు కనుక, వారు పాత చవక లెన్స్‌నే దశాబ్దాల పాటు వాడుకున్నారు. ఒకే వస్తువు ఒకరికి జీవనాధారం, మరొకరికి వృథా వ్యయం కావడం లెన్స్ వ్యాపారపు తొలి దశలోనే రుజువైంది. భవనాల సరళరేఖలు వంగకుండా చూపగల జంట లెన్స్‌ను 1866లో లండన్‌లో డాల్‌మేయర్, మ్యూనిక్‌లో స్టైన్‌హైల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రూపొందించారు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో స్థాపించి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్‌దయాళ్ వంటివారి వృత్తిలో కోటలు, ప్రాసాదాలు ఒకవైపు, ప్రముఖుల చిత్తరువులు మరొకవైపు ఉండేవి. అటువంటి ద్వివిధ వృత్తికి ఏ ఒక్క లెన్స్ గుణమూ సరిపోయే కాలం కాదది.

తరువాతి పెద్ద మార్పు గణితం నుంచి కాక గాజు కొలిమి నుంచి వచ్చింది. పాత గాజుల్లో కాంతిని ఎక్కువగా వంచే శక్తి, దాన్ని రంగులుగా విడదీసే గుణం కలిసే పెరిగేవి. యేనా నగరంలో కార్ల్ జైస్ కార్యశాలకు శాస్త్రీయ పునాది వేసిన ఎర్నెస్ట్ అబ్బే, గాజు రసాయనవేత్త ఒట్టో షాట్‌తో కలిసి 1884లో స్థాపించిన గాజు కర్మాగారం, బేరియం వంటి ద్రవ్యాలు చేర్చి ఆ రెండు గుణాలను విడదీసింది. దానితో, నిలువు గీత ఒకచోట, అడ్డ గీత మరొకచోట స్పష్టపడే ఆస్టిగ్మాటిజం అనే దోషాన్ని, చిత్రతలాన్ని చదునుగా ఉంచుతూనే సరిదిద్దడం సాధ్యపడింది. జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1890లో ప్రోటార్‌ను, 1896లో ప్లానార్‌ను, 1902లో టెస్సార్‌ను రూపొందించాడు. నాలుగే నాలుగు గాజు పలకలతో చిత్రమంతటా స్పష్టత ఇచ్చిన టెస్సార్ ఆనాటి సంపన్న వినియోగదారుడి లెన్స్. పేటెంటు గడువు తీరాక, దాని అమరిక అనేక దేశాల్లో మధ్యతరగతి కెమెరాలకు చేరింది.

టెస్సార్ కంటే ముందే, 1893లో, ఇంగ్లండులోని యార్క్ నగరపు టెలిస్కోపు తయారీ సంస్థ కుక్‌లో పనిచేసే డెన్నిస్ టేలర్ మూడే పలకలతో దాదాపు అంతటి ఫలితం సాధించాడు. తన సంస్థ ఫొటో లెన్స్‌ల తయారీకి పూనుకోకపోవడంతో, లెస్టర్ నగరంలోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ సంస్థ దాన్ని చేపట్టింది; ఆ సంస్థ పేరులోని టేలర్లకూ ఈయనకూ బంధుత్వం లేదు. కుక్ ట్రిప్లెట్‌గా ప్రసిద్ధమైన ఈ అమరిక మరుసటి శతాబ్దంలో లక్షలాది చవక కెమెరాలకు కన్నుగా మారింది. తక్కువ పలకలతో సమస్యను పరిష్కరించిన బుద్ధికి ఇది నిస్సందేహంగా ఉత్తమ నిదర్శనం. ఎక్కువ పలకలున్న లెన్స్ ఎక్కువ విలువైనదన్న నేటి నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

ప్లానార్ చరిత్ర అందుకు విరుద్ధమైన పాఠం. కాగితం మీద అది టెస్సార్‌కు అన్న. కానీ ఆరు పలకలు, గాలిని తాకే ఎనిమిది ఉపరితలాలు కలిగిన ఆ లెన్స్‌లో ప్రతి ఉపరితలం దగ్గరా నాలుగైదు శాతం కాంతి వెనక్కి ప్రతిఫలించేది. మొత్తం మీద నాలుగో వంతుకు పైగా కాంతి ఇలా దారి తప్పడమే కాక, అందులో కొంత లోపలే తిరుగాడి చిత్రం మీద పొగమంచులా పరుచుకునేది. అందుచేత మంచి గణితం ఉండి కూడా ఆ అమరిక దాదాపు అర్ధశతాబ్దం వెనకబడి ఉన్నది. 1935లో జైస్ సంస్థలోనే అలెగ్జాండర్ స్మకులా గాజుపై అతి పలుచని పూత వేసి ప్రతిఫలనాన్ని తగ్గించే పద్ధతి కనుగొన్నాక, రెండో ప్రపంచయుద్ధానంతరం ఆ పూత సర్వసాధారణమయ్యాక, ప్లానార్ తరహా అమరికలే వేగవంతమైన లెన్స్‌లకు ప్రమాణమయ్యాయి.

యుద్ధానంతర కాలంలోనే వెలకూ కీర్తికీ ఉన్న బంధం గట్టి పరీక్షకు నిలబడవలసి వచ్చింది. శ్రేష్ఠమైన లెన్స్ అంటే జర్మనీది, చవకది అంటే జపానుది అన్న భావన పాశ్చాత్య దేశాల్లో స్థిరపడి ఉన్న రోజుల్లో, 1950లో టోక్యోలో ఉన్న లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్‌ను జున్ మికి అనే జపాను సహచరుడు 85 మిల్లీమీటర్ల ఎఫ్/2 నిక్కార్ లెన్స్‌తో ఫొటో తీసి చూపించాడు. ఆ స్పష్టతకు ఆశ్చర్యపోయిన డంకన్ వాటిని తయారుచేసే నిప్పాన్ కొగాకు కర్మాగారానికి వెళ్లి లెన్స్‌లను పరీక్షించి, ఆ ఏడే మొదలైన కొరియా యుద్ధానికి తన లైకా కెమెరాలపై నిక్కార్ లెన్స్‌లను అమర్చుకుని వెళ్లాడు. ఆ చిత్రాల నాణ్యత న్యూయార్క్ సంపాదకుల దృష్టిని ఆకర్షించగా, డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ లెన్స్‌ల గురించి రాసింది. ఆ రోజు వరకు జర్మన్ పేరుకు చెల్లిన అదనపు వెలలో కొంత భాగం పనితనానికి, కొంత భాగం అలవాటుకు చెల్లినదని అప్పుడు తేటతెల్లమైంది.

లెన్స్ ఒక్కటే సాధించగల పనికి పరాకాష్ఠగా చెప్పదగినది జైస్ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల ఎఫ్/0.7 ప్లానార్. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అవసరం కోసం 1960లలో అతి కొద్ది సంఖ్యలో తయారైన ఈ లెన్స్‌ను సంపాదించిన దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్, 1975లో విడుదలైన ‘బారీ లిండన్’లో కొన్ని సన్నివేశాలను కేవలం కొవ్వొత్తుల వెలుగులో చిత్రీకరించాడు. అయితే లెన్స్ వెనుక భాగం ఫిల్ముకు అత్యంత సమీపంగా ఉండవలసి రావడంతో మిచెల్ కెమెరానే కోసి మార్చవలసి వచ్చింది; స్పష్టంగా కనిపించే లోతు అతి స్వల్పం కావడంతో నటులు దాదాపు కదలకుండా కూర్చోవలసి వచ్చింది. ఇందుకు పద్దెనిమిదేళ్ల ముందు, 1957లో, ‘మాయాబజార్’ చిత్రంలోని నౌకావిహారపు పాటకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను దీపాల అమరికతోనే సృష్టించాడు. తెలుగు ప్రేక్షకులు ఆ వెన్నెలను ఈనాటికీ స్మరిస్తారు. ఒకరు ఉన్న వెలుగును పట్టుకోవడానికి అపురూపమైన లెన్స్‌ను ఆశ్రయించారు, మరొకరు కావలసిన వెలుగును కల్పించుకున్నారు. రెండు మార్గాలూ కళాత్మకంగా సమర్థనీయమైనవే. కానీ రెండో మార్గం తెరిచి ఉన్నంత కాలం మొదటి మార్గం అనివార్యమని వాదించడం కుదరదు.

అరుదైనది సామాన్యం కావడానికి పట్టే కాలం కూడా ఖరీదైన లెన్స్ కొనాలా వద్దా అన్న నిర్ణయంలో లెక్కకు రావలసినదే. 1966లో లైకా కెమెరాల తయారీదారు లైట్జ్ సంస్థ ఎఫ్/1.2 నాక్టిలక్స్ లెన్స్‌ను ప్రవేశపెట్టినప్పుడు, దానిలోని అగోళీయ తలాలను, అంటే గోళంలో భాగం కాని వంపు గల ఉపరితలాలను, చేతిపనితో సానపట్టవలసి వచ్చింది. ఆ శ్రమే దాని వెలను ఆకాశానికి ఎత్తింది. దాదాపు పదేళ్ల తరువాత అదే సంస్థకు చెందిన వాల్టర్ మాండ్లర్ అటువంటి తలాలు లేకుండానే, అధిక వక్రీభవన శక్తి గల గాజులతో, దానికంటే వేగవంతమైన ఎఫ్/1.0 లెన్స్‌ను రూపొందించాడు. 1982 నాటికి కోడాక్ సంస్థ వేడిచేసిన గాజును అచ్చులో నొక్కి అగోళీయ తలాలను తయారుచేసి, సామాన్యుల కోసం ఉద్దేశించిన డిస్క్ కెమెరాల్లో వాడింది.

నేటి లెన్స్‌లకు ఈ చరిత్రను అన్వయిస్తే లెక్క స్పష్టంగా తేలుతుంది. కెనాన్ సంస్థ 2018లో 50 మిల్లీమీటర్ల ఆర్‌ఎఫ్ ఎఫ్/1.2 లెన్స్‌ను అమెరికాలో 2,299 డాలర్లకు, 2020లో అదే నాభ్యంతరం గల ఎఫ్/1.8 లెన్స్‌ను 199 డాలర్లకు విడుదల చేసింది. మొదటిదాని బరువు 950 గ్రాములు, రెండోదాని బరువు 160 గ్రాములు. కాంతిలో తేడా రెండింతలకు కాస్త ఎక్కువ. నేటి సెన్సర్ల సున్నితత్వాన్ని, అంటే ఐఎస్‌ఓను, ఒక మెట్టు పెంచితే ఆ తేడా చాలావరకు పూరింపబడుతుంది. పూరింపబడనివి పూర్తిగా తెరిచిన ద్వారం దగ్గర అంచుల దాకా నిలిచే స్పష్టత, నేపథ్యం కరిగిపోయే తీరు, ధూళికీ తేమకూ తట్టుకునే కట్టడం. 1840లో పదిహేనింతల కాంతి కోసం చెల్లించిన అదనపు వెలనూ, ఈనాడు రెండింతల కాంతి కోసం పదకొండింతలకు పైగా చెల్లించే వెలనూ ఒకే గాటన కట్టరాదు.

అందుచేత అర్ధరాత్రి ముహూర్తాలకు మంటపాల్లో ఏడాది పొడవునా పనిచేస్తూ, ఫ్లాష్ వాడకుండా సహజ కాంతిని చూపే శైలికి గిరాకీల నుంచి అదనపు రుసుము పొందుతున్న వృత్తి ఛాయాగ్రాహకుడికి ఎఫ్/1.2 లెన్స్ కొనదగినదే. ఆ అవసరం ఏడాదికి రెండు మూడు సార్లే వచ్చేవారు దాన్ని అద్దెకు తెచ్చుకోవడం మేలు. పగటి వెలుగులోనో, దీపాలు అమర్చుకునే స్టూడియోలోనో పనిచేసేవారు ఎఫ్/1.8 లెన్స్ కొని, మిగిలిన డబ్బును దీపాలకు వెచ్చించడం సముచితం.