పాత బ్లాకు, కొత్త పీడనం: 1983 టర్బో విజయ చరిత్రలో పోత ఇనుము స్థానం

సాంకేతిక చరిత్రను నూతన ఆవిష్కరణల వరుసగా చూడడం పరిపాటి. 1983 నాటి ఫార్ములా వన్ పోటీలు ఈ దృష్టిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని సూచిస్తాయి. ఆ ఏడాది నెల్సన్ పికే బ్రాభమ్ కారులో ప్రపంచ విజేతగా నిలిచాడు. టర్బో ఇంజనుతో డ్రైవర్ల కిరీటం దక్కడం అదే ప్రథమం. అయితే ఆ బి.ఎం.డబ్ల్యు. ఇంజనుకు ఆధారం, అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌజెన్ 1960ల ఆరంభంలో సాధారణ కార్ల కోసం రూపొందించిన నాలుగు సిలిండర్ల పోత ఇనుప బ్లాకు.

నాటి నిబంధనలు టర్బో ఇంజన్లను 1.5 లీటర్లకు, టర్బో లేనివాటిని 3 లీటర్లకు పరిమితం చేశాయి. టర్బోచార్జర్ బయటికి పోయే వాయువుల శక్తితోనే గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఎక్కువ ఇంధనం మండుతుంది. పీడనం, వేడి పెరుగుతాయి. సిలిండరు గోడ కొద్దిగా వంకరపోయినా పిస్టన్ రింగుల పక్కనుంచి వాయువు జారిపోతుంది. కనుక బ్లాకు ఎంపిక కీలకమైంది.

పౌల్ రోషె బృందం అప్పటికే వేల కిలోమీటర్లు తిరిగిన కార్ల బ్లాకులను తీసుకుంది. పోత పోసినప్పుడు పలుచని భాగాలు త్వరగా, మందమైనవి నెమ్మదిగా చల్లారుతాయి. ఈ వ్యత్యాసం లోహంలో అంతర్గత ఒత్తిళ్లను మిగులుస్తుంది. పదేపదే వేడెక్కి చల్లారడంతో అవి సడలి, ఆకారం కుదురుకుంటుంది. ఆ తరువాత చెక్కిన కొలతలు నిలకడగా ఉంటాయి.

పాతదనం దానంతటదే యోగ్యత కాదు. బీటలు, తుప్పు, మితిమీరిన అరుగుదల ఉన్న బ్లాకు పనికిరాదు. ఎంచుకున్న బ్లాకుపైన కొత్తగా పదహారు కవాటాల హెడ్డును అమర్చారు. అందువల్ల ఈ విజయాన్ని రూపకర్తల ప్రతిభకే ఆపాదించడం అసమగ్రం. పోతశాల కార్మికుల శ్రమకూ, ఆ కార్లను రోజూ నడిపిన అనామకుల వాడకానికీ అందులో భాగముంది.